కొత్త కంప్యూటర్ ఒకటి కాదు, ఉన్న నాలుగింటికీ మెమరీ కావాలి

ఇది కంప్యూటర్ యుగమని మనం ఏటా వక్తృత్వ పోటీల్లో చెబుతూనే ఉన్నాం, చప్పట్లు కొడుతూనే ఉన్నాం. కానీ మన స్టడీ హాల్ మూలన ఉన్న నాలుగు కంప్యూటర్లలో ఏదో ఒకదాని ముందు కూర్చుని, ఒక ఫోటో తెరిచి, దాన్ని సరిచేసి, సేవ్ చేసి లేచేసరికి ఎంతసేపు పడుతుందో ఆ వేదిక మీద ఎవరూ చెప్పరు. ఈ సంచికలో నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ఈ ఏడాది వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులైన అన్నలందరూ కలిసి హాస్టల్‌కు ఒక కొత్త కంప్యూటర్ కొనివ్వాలని అనుకుంటున్నట్టు తెలిసింది. ఇచ్చే మనసుకు దండం పెడుతున్నాను. అయితే చిన్నవాడినైనా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. అన్నలారా, కొత్త కంప్యూటర్ ఒకటి కొనవద్దు. ఆ డబ్బుతో ఉన్న నాలుగింటికీ ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీలు వేయించండి. ఎందుకలా అంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను. చదివిన తర్వాత మీకు నచ్చకపోతే వార్షికోత్సవం రోజున నన్ను నిలబెట్టి అడగండి, జవాబు చెబుతాను.

ఫోటోలు దిద్దే పని మనకెందుకు?

ముందుగా ఈ ప్రశ్న వస్తుంది. సివిల్స్ గురించో, గ్రూప్స్ గురించో రాయకుండా ఫోటోల గురించి రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ మూడేళ్లూ స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు. పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు, ఊరికి పోయే బస్సు చార్జీలకు నన్ను ఆదుకున్నది రాత్రిపూట ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని. నాకు ముందు, నాకు తర్వాత ఈ హాస్టల్ నుంచి ఎంతోమంది ఆ దారినే నడిచారు. ఫ్లెక్స్ షాపుల్లో, జిరాక్స్ సెంటర్లలో, మీసేవ పక్కన పాస్‌పోర్ట్ ఫోటోలు తీసే కొట్లలో మనవాళ్లు కనబడతారు. ఏప్రిల్ 14 వచ్చిందంటే మన ఊళ్లలో కట్టే ఫ్లెక్సీలు ఎవరి చేతి మీదుగా తయారవుతున్నాయో మీకు తెలుసు. పెట్టుబడి లేనివాడికి, చదువుకుంటూనే నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునేవాడికి ఇది అందుబాటులో ఉన్న పని.

ఈ పనిలో కూలి రోజుకు కాదు, షీటుకు లెక్క. ఎన్ని షీట్లు పూర్తయితే అంత డబ్బు. అంటే కంప్యూటర్ ఆగిన ప్రతి నిమిషం మన కూలిలోంచి పోతుంది. స్టూడియోలో నాకిచ్చిన మెషీన్‌లో 4 జీబీ ర్యామ్ ఉండేది, పక్క మెషీన్‌లో 16 జీబీ. మాఘమాసం ముహూర్తాల్లో పక్కనున్నతను రాత్రికి పూర్తిచేసే షీట్లలో సగం కూడా నావి అయ్యేవి కావు. "నీ చెయ్యి స్లో" అనేవారు. నెల రోజులపాటు నేనూ అదే నిజమనుకున్నాను. ఒకరోజు అతను రాకపోతే ఆ మెషీన్ మీద కూర్చున్నాను. అదే చెయ్యి, అదే ఫోటోలు. తెల్లారేలోపు పని అయిపోయింది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. మన స్టడీ హాల్‌లో ఒక తమ్ముడు రెండు రోజులు ప్రయత్నించి, "నాకు కంప్యూటర్ రాదన్నా, మన బుర్రకు ఎక్కదు" అని లేచిపోయాడు. అతను చేసినదాంట్లో తప్పేమీ లేదు. మెషీన్ ఆగిపోయింది, అంతే. ఇంట్లో చెప్పేవాళ్లు లేక మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్న పిల్లవాడు, మెషీన్ ఆగితే మెషీన్‌ను అనుమానించడు, తనను తాను అనుమానించుకుంటాడు. చిన్నప్పటినుంచి మనకు నేర్పింది అదే కదా! అందుకే ఈ మెమరీ గొడవను నేను చిన్న విషయంగా చూడలేకపోతున్నాను.

ప్యాడ్, ట్రంకు పెట్టె

కంప్యూటర్‌లో రెండు రకాల చోటు ఉంటుంది. దాన్ని మన భాషలో చెబుతాను. మన దగ్గర పరీక్ష ప్యాడ్ ఉంటుంది, మంచం కింద ట్రంకు పెట్టె ఉంటుంది. రాసుకునే కాగితం ప్యాడ్ మీద ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది. పాత నోట్సులు, బట్టలు, సర్టిఫికెట్లు పెట్టెలో ఉంటాయి. కావాలంటే వంగి, పెట్టె లాగి, మూత తీసి వెతుక్కోవాలి. ర్యామ్ అంటే ఆ ప్యాడ్. హార్డ్ డిస్క్ అంటే ఆ పెట్టె. కరెంటు పోతే ప్యాడ్ మీద ఉన్నది చెరిగిపోతుంది, పెట్టెలోది ఉంటుంది.

"మా కంప్యూటర్‌లో 500 జీబీ మెమరీ ఉంది, అయినా స్లోగా ఉంది" అని చాలామంది అంటారు. ఆ 500 జీబీ పెట్టె సైజు. ప్యాడ్ సైజు 4 జీబీయే. పెట్టె ఎంత పెద్దదైనా ప్యాడ్ పెద్దది కాదు. దుకాణంవాళ్లు కూడా అమ్మేటప్పుడు పెద్ద అంకెనే ముందు చెబుతారు.

ఒక బొమ్మ బరువెంత?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది పదో తరగతి గుణకారమే, ఎవరూ భయపడనక్కర్లేదు. బొమ్మ అంటే చుక్కల వరుసలు. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల విలువలు ఉంటాయి. మామూలుగా ఒక్కో విలువకు ఒక బైట్. కాబట్టి వెడల్పు పిక్సెళ్లను ఎత్తు పిక్సెళ్లతో గుణించి, దాన్ని 3తో గుణిస్తే ఆ బొమ్మకు ర్యామ్‌లో కావలసిన చోటు వస్తుంది.

పాస్‌పోర్ట్ ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది 413 పిక్సెళ్లు, 531 పిక్సెళ్లు. 3తో గుణిస్తే సుమారు 6,58,000 బైట్లు, అంటే ఒక ఎంబీ కూడా కాదు. దీనికి ఏ కంప్యూటరైనా చాలు, ఫోన్ అయినా చాలు.

మన సంచిక ముఖచిత్రం ఏ-4 సైజు. 300 చుక్కల చొప్పున 2480, 3508 పిక్సెళ్లు. ప్రెస్సుకు పంపేటప్పుడు నాలుగు ఇంకుల పద్ధతిలో ఉంటుంది కాబట్టి 3కు బదులు 4తో గుణించాలి. సుమారు 33 ఎంబీ.

ఇక పెళ్లి ఆల్బమ్. కరిజ్మా ఆల్బమ్‌లో షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. అంటే 3600, 10,800 పిక్సెళ్లు. ఒక్క షీటు 111 ఎంబీ దాటుతుంది. అది కూడా ఒకే ఒక పొర ఉంటే. డిజైన్ అన్నాక వెనక బ్యాక్‌గ్రౌండ్, దాని మీద ఆరేడు ఫోటోలు, నీడలు, పేర్లు అన్నీ వేరువేరు లేయర్లలో ఉంటాయి. లేయర్‌కు పారదర్శకత కూడా ఉంటుంది కాబట్టి షీటంతా నిండిన ఒక్కో లేయర్ 148 ఎంబీ దాకా అడుగుతుంది. దాని పైన మనం చేసిన పనిని వెనక్కి తిప్పుకోవడానికి పాత స్థితులను కూడా సాఫ్ట్‌వేర్ దాచుకోవాలి. ఫోటోషాప్ మామూలుగా అలాంటివి 50 దాకా గుర్తుంచుకుంటుంది. మారిన భాగాన్ని మాత్రమే దాచుకున్నా, షీటు మొత్తానికి రంగు మార్చినప్పుడల్లా ఆ భారం పెరుగుతుంది. ఒక్క షీటుకే 1 జీబీ, 2 జీబీ దాటడం రోజూ జరిగే పని.

"కానీ ఫైలు చూస్తే 10 ఎంబీ కూడా లేదు కదన్నా?" అని అడుగుతారు. జేపెగ్ ఫైలు అంటే మడతపెట్టి కుదించిన దుప్పటి లాంటిది. పెట్టెలో చిన్నగానే ఉంటుంది, పరిస్తే మంచమంతా కావాలి. 6000, 4000 పిక్సెళ్ల కెమెరా ఫోటో తెరవగానే ర్యామ్‌లో దాదాపు 70 ఎంబీ అవుతుంది. అలాంటివి ఇరవై ఒకేసారి తెరిస్తే 1,400 ఎంబీ. 4 జీబీలో విండోస్ తన వాటా తీసుకుంది, బ్రౌజర్ తన వాటా తీసుకుంది. ఇక మిగిలిందెంత?

చోటు చాలనప్పుడు జరిగేది

ప్యాడ్ నిండిపోతే మనమేం చేస్తాం? కొన్ని కాగితాలు తీసి కింద నేల మీద పెడతాం, అవసరమైనప్పుడు వంగి తీసుకుంటాం. కంప్యూటర్ కూడా అదే చేస్తుంది. ర్యామ్ చాలనప్పుడు కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి దింపి, కావలసినప్పుడు పైకి తెచ్చుకుంటుంది. దీన్నే వర్చువల్ మెమరీ అంటారు. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లో దీన్ని అమలు చేశారు. అప్పట్లో వేగమైన మెమరీ చాలా ఖరీదు. అందుకని కొద్ది మెమరీకి తోడుగా తిరిగే డ్రమ్ పెట్టి, రెండూ కలిసి ఒకే పెద్ద మెమరీలా కనబడేట్టు చేశారు. అంటే చోటు చాలకపోవడం కంప్యూటర్లు తయారుచేసినవాళ్లకూ ఉన్న కష్టమే. వాళ్లు సిగ్గుపడలేదు, లెక్క కట్టి దారి వెతికారు.

ఫోటోషాప్ తన కోసం ప్రత్యేకంగా వాడుకునే ఆ నేలను స్క్రాచ్ డిస్క్ అంటారు. గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్వాప్ ఫోల్డర్ అంటారు. ఆ నేల ఎలాంటిదన్నదాని మీద మన వేగం ఆధారపడి ఉంటుంది. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లేలు తిరుగుతుంటాయి, ఒక సూది వాటి మీద వెతుకుతుంటుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లి చదవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు, అదే పని మిల్లీసెకనులో పదో వంతు సమయంలో అవుతుంది. చెల్లాచెదురుగా ఉన్న వెయ్యి ముక్కలు తీసుకురావాలంటే హార్డ్ డిస్క్‌కు 10 సెకన్లు, ఎస్ఎస్‌డీకి సెకనులో పదో వంతు. వరుసగా ఉన్న సమాచారమైనా హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 200 ఎంబీ చదివితే, సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ చదువుతుంది. ర్యామ్ వేగం వీటన్నిటికంటే ఎంతో ఎక్కువ, అది సెకనుకు జీబీల్లో లెక్క.

మన స్టడీ హాల్ మెషీన్లు ఆగినప్పుడు సీపీయూ డబ్బా మీద ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతూ, లోపల గరగరమని చప్పుడు వస్తుందే, అది సూది వెతుకులాట. ప్రాసెసర్ ఆ సమయంలో పని లేక కూర్చుని ఉంటుంది. అంటే మన మెషీన్ బుర్ర మందమైనది కాదు, దానికి కాగితం అందడం లేదు.

పైసా ఖర్చు లేకుండా చేయదగినవి

కొనే మాటకు ముందు, ఉన్నదాంట్లో సర్దుకోగలిగినవి తమ్ముళ్లు నేర్చుకోవాలి. అన్నిటికంటే ముందు కొలవడం నేర్చుకోవాలి. పని చేస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ మీద నొక్కి మెమరీ ఎంత నిండిందో, డిస్క్ ఎంత పని చేస్తోందో చూడండి. మెమరీ నిండిపోయి, డిస్క్ నూటికి నూరు దగ్గర నిలిచిపోతే జబ్బు ఎక్కడుందో తెలిసినట్టే. ఫోటోషాప్‌లో అయితే బొమ్మ కిటికీ అడుగున ఎఫిషియెన్సీ అనే అంకెను పెట్టుకోవచ్చు. అది 100 ఉంటే పని ర్యామ్‌లోనే జరుగుతున్నట్టు. తగ్గితే స్క్రాచ్ డిస్క్ మీదికి దిగినట్టు.

తర్వాత ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ తెరవండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో 70 శాతం తను వాడుకునేట్టు ఫోటోషాప్ ముందే పెట్టుకుని ఉంటుంది. కావాలంటే 5 శాతం చొప్పున పెంచి చూడవచ్చు. కొందరు ఏకంగా 100 పెట్టేస్తారు. అప్పుడు విండోస్‌కే చోటు లేక మొత్తం కుంటుపడుతుంది. వంటమనిషికి నిలబడే చోటు లేకుండా వంటగదంతా గిన్నెలు పరిస్తే అన్నం ఎలా ఉడుకుతుంది? హిస్టరీ స్థితులను 50 నుంచి 20కి తగ్గిస్తే భారం తగ్గుతుంది. స్క్రాచ్ డిస్క్‌గా ఎక్కువ ఖాళీ ఉన్న, వేగమైన డ్రైవ్‌ను ఎంచుకోవాలి. పెన్ డ్రైవ్‌ను ఎన్నడూ పెట్టకూడదు. స్క్రాచ్ డిస్క్ నిండిపోయిందని ఫోటోషాప్ తెరుచుకోకపోతే, అది మొదలయ్యేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ నొక్కి పట్టుకుంటే వేరే డ్రైవ్ ఎంచుకునే అవకాశం వస్తుంది.

గింప్‌లో ప్రిఫరెన్సెస్ కింద సిస్టమ్ రిసోర్సెస్ అని ఉంటుంది. అక్కడ టైల్ క్యాష్ సైజు అంటే ప్యాడ్ మీద గింప్‌కు మనమిచ్చే వాటా. అన్‌డూ కోసం వాడే మెమరీకి హద్దు కూడా అక్కడే పెట్టుకోవచ్చు. స్వాప్ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉండాలో ఫోల్డర్స్ అనే చోట మార్చుకోవచ్చు.

ఇంకొకటి, కావలసినంత సైజే పెట్టుకోవాలి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కలతో చేస్తే నాలుగు రంగుల్లో సుమారు 228 ఎంబీ. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. తెలియక 300 పెడితే అదే ఫ్లెక్సీ 3.8 జీబీ దాటుతుంది. అంటే పదిహేడు రెట్లు. పైగా మామూలు పీఎస్‌డీ ఫైలుగా సేవ్ కూడా కాదు, ఎందుకంటే దానికి ఒక్కో వైపు 30,000 పిక్సెళ్ల హద్దు, 2 జీబీ ఫైలు హద్దు ఉన్నాయి. ఇక్కడ ఏ మెషీనూ మనల్ని కాపాడదు, లెక్క తెలిసి ఉండటమే కాపాడుతుంది.

ఏం కొనాలి, ఏ వరుసలో?

మన నాలుగు మెషీన్ల మూతలు వార్డెన్ గారి అనుమతితో తీసి చూశాను. నాలుగింటిలోనూ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్నాయి. మదర్‌బోర్డు మీద ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి. నాలుగింటిలోనూ రెండో స్లాటు ఖాళీ! వచ్చిన రోజు నుంచి అలాగే ఉందన్నమాట. దానిలో 8 జీబీ ర్యామ్ పెడితే మొత్తం 12 జీబీ అవుతుంది. హార్డ్ డిస్క్ ఉన్నచోట ఒక 256 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టి విండోస్, సాఫ్ట్‌వేర్, స్క్రాచ్ దాని మీద ఉంచి, పాత హార్డ్ డిస్క్‌ను పూర్తయిన పని దాచుకోవడానికి వాడుకోవచ్చు.

కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ డెస్క్‌టాప్‌కు పట్టదు. రెండు, విండోస్ 32 బిట్‌దైతే 4 జీబీకి మించి ర్యామ్ పెట్టినా మామూలుగా వాడుకోలేదు. ముందు 64 బిట్‌ది వేయించాలి. ఈ ముక్క తెలియక ర్యామ్ కొని, తేడా లేదని తిట్టుకునేవాళ్లున్నారు.

గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే అంతా సరిపోతుందని దుకాణంలో చెప్పవచ్చు. ఫోటోషాప్‌లో కొన్ని పనులకు అది ఉపయోగపడే మాట నిజమే. కానీ ర్యామ్ నిండి డిస్క్ మీదికి దిగిన మెషీన్‌కు గ్రాఫిక్స్ కార్డు పెట్టడం ఆకలిగా ఉన్నవాడికి చొక్కా కొనివ్వడం లాంటిది. ముందు ర్యామ్, తర్వాత ఎస్ఎస్‌డీ, మిగతావి ఆ తర్వాతే.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే ధర అంకెలు ఇక్కడ రాయడం లేదు, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మారిపోవచ్చు. ఒక కొత్త కంప్యూటర్ ధర, నాలుగు ర్యామ్‌లు, నాలుగు ఎస్ఎస్‌డీల ధర రెండూ రెండు మూడు దుకాణాల్లో రాయించి పక్కపక్కన పెట్టి చూడండి. డీడీఆర్3 పాతది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది. పరీక్షించి, వారంటీ చీటీ రాయించుకుని తీసుకోవాలి.

వచ్చే అభ్యంతరాలు

"పాతదానికి ఎంత పెట్టినా పాతదే" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కొత్త ఫోటోషాప్‌కు కనీసం 8 జీబీ ర్యామ్, బాగా నడవాలంటే 16 జీబీ, దానికి తగ్గ గ్రాఫిక్స్ కావాలి. మన మెషీన్ల మీద సరికొత్త ఫోటోషాప్ నడవదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది, విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్లను లెక్కలోకి తీసుకోదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ దారి లేకపోలేదు. లినక్స్ ఉచితం. దాని మీద గింప్, క్రిటా రెండూ ఉచితంగా నడుస్తాయి, 12 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీతో బాగానే నడుస్తాయి.

"స్టూడియోలో ఫోటోషాపే అడుగుతారు కదా, గింప్ నేర్చుకుని ఏం లాభం?" ఇది సరైన ప్రశ్నే. లేయర్, మాస్క్, కర్వ్స్, రిజల్యూషన్, రంగుల లెక్క రెండింటిలోనూ ఒకటే. గింప్‌లో చెయ్యి తిరిగినవాడు ఫోటోషాప్ మెనూలకు త్వరగానే అలవాటు పడతాడు. దొంగ కాపీ వేసుకుని, దాంతో వచ్చిన వైరస్‌తో ఉన్న ఫైళ్లు పోగొట్టుకోవడం కంటే ఇది మేలు. ఇంకో మాట. ఫోటోషాప్‌ను 1987లో మొదలుపెట్టిన థామస్ నోల్ అప్పుడు మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థి. తమ్ముడు జాన్ నోల్‌తో కలిసి దాన్ని పెంచాడు. 1990లో అది బయటికి వచ్చింది. గింప్‌ను 1995లో మొదలుపెట్టిన స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు. రెండూ మనలాంటి చదువుకునే వయసువాళ్లు తయారుచేసినవే. థామస్ నోల్ మొదట పనిచేసిన మాకింటాష్ ప్లస్ 1 ఎంబీ ర్యామ్‌తో వచ్చే మెషీన్. మన దగ్గరున్న 4 జీబీ దానికి నాలుగు వేల రెట్లు.

"కొత్త కంప్యూటర్ అయితే ఇచ్చినవాళ్ల పేరు దాని మీద రాయవచ్చు, రిబ్బన్ కట్ చేయవచ్చు. ర్యామ్ లోపల ఉంటుంది, ఎవరికి కనబడుతుంది?" అని నవ్వుతూ ఒక అన్న అన్నాడు. నవ్వులాటకే అన్నా అందులో విషయముంది. కొత్త కంప్యూటర్ ఒకటి వస్తే దాని ముందు కూర్చునేది ఒక్కడు. మిగతా మూడు నాలుగు మెషీన్లు ఎప్పటిలాగే గరగరలాడుతుంటాయి. ఆ ఒక్కదాని కోసం పెద్దవాళ్లు, చిన్నవాళ్లు అని వరుస ఏర్పడుతుంది. వరుసలో చివరన ఉండేది ఎప్పుడూ కొత్తగా చేరిన, నోరు లేని పిల్లవాడే. నాలుగింటికీ మెమరీ వస్తే ఒకేసారి నలుగురు పని చేసుకుంటారు. పేరు రాయాలంటే నాలుగు డబ్బాల మీదా నాలుగు పేర్లు రాద్దాం, నేనే స్టిక్కర్ డిజైన్ చేసిస్తాను.

నా మనవి

అన్నలకు నా మనవి ఇది. విరాళం ప్రకటించేముందు ఒక్కసారి స్టడీ హాల్‌కు వచ్చి, ఆ మెషీన్ల ముందు పది నిమిషాలు కూర్చోండి. ఇద్దరు కలిసి ఒక ర్యామ్, ఇద్దరు కలిసి ఒక ఎస్ఎస్‌డీ చొప్పున పంచుకుంటే పదహారు మందితో నాలుగు మెషీన్లూ బాగుపడతాయి. డబ్బు మిగిలితే ఒక యూపీఎస్ కొనండి, ఎందుకంటే కరెంటు పోయిన క్షణంలో ర్యామ్‌లో ఉన్న రాత్రంతటి పని పోతుంది.

వార్డెన్ గారికి మనవి. ప్రతి కంప్యూటర్ పక్కన అందులో ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, ఏ రకం, డిస్క్ ఏది, ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో ఒక కాగితం మీద రాసి అంటించడానికి అనుమతివ్వండి. మెస్ మెనూ గోడ మీద ఉన్నట్టే ఇది కూడా ఉండాలి. అప్పుడే దుకాణంవాడు వచ్చి ఏం మార్చాడో, ఏం తీసుకుపోయాడో మనకు తెలుస్తుంది.

తమ్ముళ్లకు చెప్పేదొకటే. స్క్రూ డ్రైవర్ పట్టుకుని మూత తీయడానికి భయపడకండి. ముందు ప్లగ్గు తీసేయండి, చేత్తో ఇనుప డబ్బాను ముట్టుకోండి, ఆ తర్వాత ర్యామ్ ముట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఊళ్లో ఉన్నన్నాళ్లూ వచ్చి చూపిస్తాను. రేపు మీ మొదటి జీతంతో ల్యాప్‌టాప్ కొనేటప్పుడు దుకాణంలో నిలబడి, "ర్యామ్ ఎంత, తర్వాత పెంచుకోవడానికి స్లాటు ఉందా, డిస్క్ ఏ రకం?" అని అడగగలిగితే చాలు. మన నాన్నలు విత్తనాల కొట్లో, ఎరువుల కొట్లో అడగడం తెలియక ఇచ్చినది తెచ్చుకున్నారు. మనం అడిగి తెచ్చుకుందాం.

ఈసారి మెషీన్ ఆగినప్పుడు "నాకు రాదు" అని లేవకండి. టాస్క్ మేనేజర్ తెరిచి, ఎక్కడ ఆగిందో చూడండి.